మార్కుల పట్టీ, మనస్సాక్షి



ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల విచారణల్లో ఏ గురువును కదిపినా ఒక సంగతి చెబుతారు. ఒకప్పుడు ఇళ్లను ఆశీర్వదించడానికి వెళ్తే పెళ్లి సంబంధాల గురించి, ఎండిపోయిన బోరు గురించి, బొంబాయికి వలసపోయిన కొడుకు గురించి మాటలు సాగేవి. ఇప్పుడు వాటి సరసన మరో మాట వచ్చి చేరింది. "ఫాదర్, పిల్లగాడు బీటెక్ అయిపోయిండు. ఎమ్మెస్ చదువుతా, అమెరికా పోతా అంటున్నడు. కాని మార్కులు తక్కువొచ్చినయ్."

ఈ మాట వెనుక రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది పైకి అడిగేది: తక్కువ మార్కులతో సీటు వస్తుందా? రెండవది గొంతు తగ్గించి అడిగేది: సీటు రావడానికి ఎంతవరకు దాచవచ్చు, ఎంతవరకు కల్పించవచ్చు? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి పట్టణాల్లో కన్సల్టెన్సీలున్నాయి. రెండవది మనస్సాక్షికి సంబంధించినది. దానిని గురించి ఈ వారం మనం కలిసి ఆలోచిద్దాం.

ముందు, మార్కు అంటే ఏమిటో చూద్దాం. మండల ఆఫీసు దగ్గర వాన కొలిచే డబ్బా ఉంటుంది. అందులో పడిన నీటిని బట్టి ఆ మండలంలో ఇన్ని మిల్లీమీటర్ల వర్షం కురిసిందని రాస్తారు. డబ్బా అబద్ధం చెప్పదు. కాని రెండు మైళ్ల అవతల మీ చెల్కలో ఎంత పడిందో దానికి తెలియదు. మార్కుల పట్టీ కూడా అటువంటిదే. ఒక పరీక్ష రోజున, ఒక భాషలో, మూడు గంటల్లో కాగితం మీద ఎంత పెట్టగలిగాడో అది చెబుతుంది. ఆ పిల్లవాడు ఏ పరిస్థితిలో చదివాడో, ఇకముందు ఎంత నేర్చుకోగలడో చెప్పదు.

మన ప్రాంతంలో ఈ తేడా చిన్నది కాదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో పదవ తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లవాడు ఇంజనీరింగులో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుంటాడు. మొదటి సంవత్సరంలో అతడు తప్పేది గణితం కాదు, భాష. తల్లిదండ్రులు మేస్త్రీ వెంట వలసపోతే తాత, అవ్వల దగ్గర పెరిగిన పిల్లలున్నారు. అంతెందుకు, 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాల్లోనే తప్పులు దొర్లాయి. ఆ ఫలితాలు వెలువడిన రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక అంకెను మనిషి విలువగా తీసుకుంటే ఎంత దూరం పోతుందో ఆ ఇళ్లను అడగండి.

అయితే ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. డబ్బా నా చెల్కను కొలవలేదు గనుక డబ్బాయే తప్పు అనడం న్యాయం కాదు. మార్కు అంతా చెప్పదు, నిజమే. ఏమీ చెప్పదు అనడం మాత్రం అబద్ధం. హాస్టల్లో సినిమాలతో గడిచిన సెమిస్టర్లు కూడా ఆ పట్టీలో ఉంటాయి. తత్త్వశాస్త్రంలో కారణం వేరు, సమర్థన వేరు. "మొదటి ఏడాది నాకు ఇంగ్లీషు రాలేదు, అందుకు మూడు సబ్జెక్టులు తప్పాను" అనేది కారణం. "కాబట్టి ఆ మార్కులను లెక్కలోకి తీసుకోకండి" అనేది సమర్థన. కారణం చెప్పే హక్కు అందరికీ ఉంది. తీర్పు చెప్పే హక్కు వినేవారిది.

తక్కువ అర్హతతో విదేశాలకు వెళ్లినవారు మనకు కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఇంగ్లీషు ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. చివరికి ఎంబీబీఎస్ కాక, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికి వచ్చింది. ఆ పట్టాతోనే 1920ల మొదట్లో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. అక్కడ స్కాలర్‌షిప్ లేదు. మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కొంత ఉన్నా, పొట్ట గడవడానికి బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తే పని చేశారు. 1930లో హార్వర్డ్ ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్ వంటి మందుల వెనుక ఆయన కృషి ఉంది. ఆ ఎల్ఎంఎస్ పట్టాను ఆయన మార్చలేదు. దాని పక్కన మరో పని పెట్టి చూపించారు.

మరొకరు శ్రీనివాస రామానుజన్. గణితం తప్ప మిగతా సబ్జెక్టులు తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నవాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీగారికి ఉత్తరం రాస్తూ, తాను మద్రాసు పోర్టు ట్రస్టులో ఏడాదికి 20 పౌన్ల జీతం మీద పనిచేసే గుమస్తానని, తనకు విశ్వవిద్యాలయపు చదువు లేదని మొదట్లోనే చెప్పుకున్నాడు. ఆ తరువాత తన సూత్రాలు పెట్టాడు. బలహీనత ఒక్క వాక్యంలో, బలం పేజీల కొద్దీ. ఆ వరుసను గమనించండి.

"వాళ్లు మేధావులు ఫాదర్, మా పిల్లగాడు మామూలోడు" అంటారు. సరే. మేధస్సును అరువు తెచ్చుకోలేము గాని, నిజాయితీని, కష్టాన్ని మామూలువాడు కూడా అలవరచుకోవచ్చు గదా!

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం పలుకవద్దంటుంది. విదేశీ విశ్వవిద్యాలయానికి పంపే దరఖాస్తు ఒక సాక్ష్యమే. చివర సంతకం చేస్తూ "ఇందులో ఉన్నదంతా నిజం" అని ఒప్పుకుంటాం. పునీత తోమాసు అక్వినాసు ఈ విషయంలో ఒక మంచి గీత గీశారు. అబద్ధం ఆడకూడదు, కాని వివేకంతో కొంత నిజాన్ని మనలోనే ఉంచుకోవడం అబద్ధం కాదు. దీనిని మన విషయానికి అన్వయిస్తే మూడు సంగతులు తేలుతాయి.

ఒకటి: అడగని బలహీనతలన్నిటినీ పరచి చూపించనక్కరలేదు. ఇంటి గొడవలు, తండ్రి తాగుడు, కుమిలిన రోజులు, ఇవన్నీ పరాయివారికి చెప్పుకోవాలనే నియమం లేదు. దరఖాస్తు పాపసంకీర్తనం కాదు.

రెండు: అడిగినదానిని దాచకూడదు. మార్కుల మెమోలన్నీ పంపమంటే అన్నీ పంపాలి. తప్పి మళ్లీ రాసిన పేపర్ల సంఖ్య అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. శాతాన్ని ఇష్టం వచ్చిన లెక్కతో నాలుగు పాయింట్ల కొలతలోకి మార్చి పెంచుకోకూడదు.

మూడు: లేనిది సృష్టించకూడదు. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం, సారుకు తెలియకుండా సారు పేరుతో సిఫారసు ఉత్తరం, ఒక్క వారం కోసం బ్యాంకులో వేసి తీసేసే అద్దె డబ్బు, ఇవి ఆ గీతకు అవతలివి. "మన బడిలో రెండేండ్లు పాఠాలు చెప్పిండని ఒక్క కాగితం రాసియ్యండి ఫాదర్, మీకేం పోతది?" అని విచారణ గురువును అడిగేవారూ ఉన్నారు. గురువుకు పోయేది చాలా ఉంది. రేపు మరో పిల్లవాడు నిజంగా రెండేళ్లు పాఠాలు చెప్పి వస్తే, అతనికి ఇచ్చే కాగితానికి విలువ పోతుంది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. దొంగ కాగితం ఎవరికీ హాని చేయదని అనుకుంటాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే విశ్వవిద్యాలయంపై అమెరికా అధికారులు దాడి చేశారు. అందులో చేరినవారిలో అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవారే. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించారు. దాని నిర్వాహకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి బయటపడింది. అది అమెరికా అధికారులే నిఘా కోసం పెట్టిన ఉత్తుత్తి సంస్థ. ఎనిమిది మంది దళారులను, వందకు పైగా భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. వారిలో తెలుగు పిల్లలు ఎందరో. కొందరు తెలిసి చేరారు, కొందరు మోసపోయారు. కాని ఆ తరువాత వీసా కిటికీ దగ్గర నిలబడిన ప్రతి తెలుగు విద్యార్థిని ఒక అనుమానపు చూపు పలకరించింది. అబద్ధపు అప్పును తీర్చేది ఎప్పుడూ వెనుక వచ్చేవాడే.

దీనికి బలమైన ఎదురువాదం ఒకటి ఉంది. "ఉన్నోళ్లకు వంద దారులు ఫాదర్. డొనేషన్ కట్టి సీటు కొంటరు, తెలిసిన పెద్దలతోని ఉత్తరాలు రాయించుకుంటరు. పేదోనికి ఉన్నది ఈ ఒక్క దొంగదారి. దాన్ని కూడా మూస్తరా?" ఈ మాటలోని బాధ నిజమైనది. క్రైస్తవులతో సహా మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో మొదలైన తెలంగాణ ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకానికి సైతం డిగ్రీలో 60 శాతం మార్కులుండాలనే నిబంధన పెట్టారు. 58 శాతం వచ్చిన కూలీ బిడ్డకు ఆ రెండు మార్కులు ఎంత ఎత్తు గోడో ఊహించవచ్చు. ఆ గోడ ఎత్తు గురించి ప్రభుత్వాన్ని అడుగుదాం, గట్టిగానే అడుగుదాం. కాని ఒక సంగతి గుర్తుంచుకోండి. దొంగదారి పేదవానికి చౌకగా దొరకదు. ఉన్నవాని కొడుకు పట్టుబడితే తిరిగివచ్చి తండ్రి వ్యాపారంలో కూర్చుంటాడు. రెండెకరాలు కుదువబెట్టి, ముప్ఫై లక్షలు అప్పుచేసి వెళ్లినవాడు తిరిగివస్తే భూమీ ఉండదు, పరువూ ఉండదు. దళారి మాత్రం తన రుసుము ముందే తీసుకొని ఉంటాడు.

మరి నిజమైన దారి ఏది? అది ఉంది, కాస్త పొడవైనది, అంతే. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు నాలుగుకు మూడు పాయింట్లు అడుగుతాయి. అయినా చివరి రెండేళ్ల మార్కులు మెరుగ్గా ఉంటే వాటిని గమనించేవి ఉన్నాయి. తక్కువ మార్కులవారిని షరతులతో చేర్చుకునేవీ ఉన్నాయి. జీఆర్ఈ అడిగేచోట మంచి స్కోరు పాత మార్కులకు కొంత జవాబు చెబుతుంది. ఒకటి రెండేళ్లు నిజమైన ఉద్యోగం చేయండి. ఐఐటీలవారు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో మీరు తప్పిన సబ్జెక్టునే మళ్లీ చదివి పరీక్ష రాయండి. నల్లగొండలో 2007లో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వెలిశాయి. ఇక్కడే పీజీ బాగా చదివి, ఆ మార్కులతో దరఖాస్తు చేయవచ్చు. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు, కాని అక్కడ మార్కులను గట్టిగానే చూస్తారు. సిఫారసు కోసం పెద్ద హోదా ఉన్నవారి దగ్గరకు కాక, మీరు తప్పినప్పుడు, తిరిగి లేచినప్పుడు చూసిన సారు దగ్గరకు వెళ్లండి. మీ ఉద్దేశాన్ని వివరించే వ్యాసంలో మార్కుల గురించి నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, తరువాత ఏం చేశాను, అందుకు రుజువు ఇది.

తల్లిదండ్రులారా, మీకొక మాట. మీ బిడ్డ అబద్ధం చెప్పడానికి సిద్ధపడుతున్నాడంటే, నిజం చెబితే ఇంట్లో చోటుండదని భయపడుతున్నాడేమో చూడండి. పక్కింటి పిల్ల డల్లాస్‌లో ఉందని రోజూ గుర్తుచేస్తే, వాడు ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. పునీత జాన్ మరియ వియాన్నీ గురువిద్యాలయంలో లాటిను రాక పరీక్ష తప్పారు. ఆయనను ఓపికతో చదివించిన ఒక పెద్ద గురువు ఉన్నారు గనుకనే 1815లో గురువయ్యారు. అటువంటి ఓపిక మన ఇళ్లలో కూడా ఉండాలి.

యువతీ యువకులారా, దరఖాస్తు పంపే ముందు ఒక పని చేయండి. మీ మార్కుల మెమోలన్నీ తెచ్చి అమ్మానాన్నల ముందు పెట్టండి. ఏ సబ్జెక్టు ఎందుకు పోయిందో, అప్పు ఎంతవుతుందో, సీటు రాకపోతే ఏం చేస్తారో వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఇంట్లో ఆ నిజం చెప్పగలిగితే, పరాయి దేశానికి రాయడం అంత కష్టం కాదు. సీటు వస్తే తలెత్తుకొని వెళ్తారు. రాకపోతే, ఇక్కడే ఉండి చేసే పనిని కూడా అదే తలతో చేస్తారు.