ఎదుటివాని అవసరం మన సొత్తా?

కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం రెండవ పూజ ముగిశాక, మా విచారణకు చెందిన ఒక పెద్దావిడ దేవాలయం పక్కనున్న మా వరండాలోకి వచ్చారు. ప్లాస్టిక్ సంచిలోంచి బ్యాంకు పాసుపుస్తకం తీసి నా చేతికిచ్చారు. "ఫాదర్‌గారూ, కొంచెం చదివి చెప్పండి. డబ్బులు పోతున్నాయి. ఎవరు తీస్తున్నారో తెలియడంలేదు" అన్నారు. ఆమె ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా పనిచేశారు. భర్త లేరు. నెలనెలా వచ్చే కొద్దిపాటి పెన్షనే ఆధారం. (ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను. ఆనవాలు తెలిసే వివరాలు మాత్రం మార్చాను.)

పుస్తకం చూశాను. దొంగ ఎవరూ లేరు. ఆ నెలలో ఆమె తొమ్మిదిసార్లు ఏటీఎంకు వెళ్ళారు. వెళ్ళినప్పుడల్లా 500 రూపాయలే తీసుకున్నారు. ఆమె బ్యాంకు శాఖ పక్క ఊళ్ళో ఉంది. మా ఊళ్ళో ఉన్నది వేరే బ్యాంకు ఏటీఎం. మొదటి ఐదుసార్లు ఉచితం. ఆ తర్వాత ప్రతిసారీ 23 రూపాయలు, దానిమీద పన్ను కలిపి 27 రూపాయల 14 పైసలు కోశారు. నాలుగుసార్లకు 108 రూపాయల 56 పైసలు.

"ఏమ్మా, ఇలా ఐదేసి వందలు ఎందుకు తీస్తారు? నెల మొదట్లో అంతా ఒక్కసారే తెచ్చుకుంటే ఈ ఖర్చు ఉండదు కదా" అన్నాను, ఏదో గొప్ప సలహా ఇచ్చినట్టు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "ఇంట్లో డబ్బుంటే మావాడు ఉంచుతాడా ఫాదర్‌గారూ?"

కొడుకు తాగుతాడని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాను. మాకు దుబారాగా కనిపించిన ఆ 108 రూపాయలు ఆమె తన అన్నానికి కట్టుకున్న కాపలా కూలి.

ఆనాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. ఆ 108 రూపాయలు తీసుకోవడం న్యాయమేనా?

దీనికి చటుక్కున చెప్పే జవాబులు రెండున్నాయి. బ్యాంకులన్నీ దోపిడీదారులేనన్నది ఒకటి. నిబంధన నిబంధనే, ఇష్టంలేనివారు వెళ్ళకూడదన్నది మరొకటి. మొదటి జవాబు మన కోపాన్ని చల్లారుస్తుంది. రెండవది మన మనస్సాక్షిని నిద్రపుచ్చుతుంది. రెండూ మనల్ని ఆలోచించనివ్వవు.

ముందు బ్యాంకు పక్షాన ఉన్న న్యాయాన్ని ఒప్పుకుందాం. ఏటీఎం ఊరకే నడవదు. గదికి అద్దె, కరెంటు, నోట్లు తెచ్చి నింపే వాహనం, తుపాకీతో దాని వెంట వచ్చే మనిషి, అన్నిటికీ ఖర్చుంది. మన కార్డు వేరే బ్యాంకు ఏటీఎంలో పెట్టి డబ్బు తీసుకుంటే, మన బ్యాంకు ఆ బ్యాంకుకు ప్రతిసారీ కొంత చెల్లించాలి. 2025 మే నుంచి అది 19 రూపాయలు. 2009 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఏ బ్యాంకు ఏటీఎంనైనా ఉచితంగా వాడుకోవచ్చన్నది. అదే సంవత్సరం చివరికి దానికి నెలకు ఐదుసార్లన్న పరిమితి వచ్చింది. 2014లో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో అది మూడుసార్లకు తగ్గింది. పరిమితి దాటితే వసూలు చేయదగిన గరిష్ఠ రుసుము అప్పుడు 20 రూపాయలు. 2022 జనవరిలో అది 21, 2025 మేలో 23 అయింది. ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడం కూడా లెక్కలోకి వస్తుందని మనలో చాలామందికి తెలియదు.

శ్రమకు, ఖర్చుకు తగిన ప్రతిఫలం పుచ్చుకోవడం పాపం కాదు. ఈ విషయమై శ్రీసభ ఐదువందల ఏళ్ళ క్రితమే వాదించి ఒక తీర్పు చెప్పింది. 15వ శతాబ్దంలో ఇటలీ దేశంలో వడ్డీవ్యాపారుల చేతిలో బీదలు నలిగిపోతుంటే, ఫ్రాన్సిస్కను సన్యాసుల ప్రోత్సాహంతో బీదలకోసం కుదువ నిధులు వెలిశాయి. 1462లో పెరూజియా పట్టణంలో అలాంటిదొకటి మొదలైంది. వస్తువు కుదువ పెట్టుకుని బీదవానికి అప్పిచ్చేవారు. గుమాస్తా జీతానికి, గది ఖర్చుకు కొద్దిపాటి సొమ్ము పుచ్చుకునేవారు. ఇదీ వడ్డీయేనని కొందరు వేదపండితులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1515లో ఐదవ లాతరాను మహాసభ ఈ తగవు తీర్చింది. లాభాపేక్ష లేకుండా, ఖర్చుకు సరిపడేంత మాత్రమే పుచ్చుకుంటే అది వడ్డీపాపం కాదన్నది. అంతటితో ఆగక, ఆ కాస్త కూడా పుచ్చుకోకుండా నడపగలిగితే అది మరింత పవిత్రమని చెప్పింది.

మరి అన్యాయం ఎక్కడ మొదలవుతుంది? ఇక్కడ పునీత తోమాసు అక్వినాసుగారు ఒక గీత గీశారు. క్రయవిక్రయాల్లో జరిగే మోసాన్ని గురించి రాస్తూ ఆయన ఇలా వాదిస్తారు. అమ్మేవాడు తన వస్తువును వదులుకోవడంవల్ల తనకు కలిగే నష్టానికి ధర కట్టవచ్చు. ఎందుకంటే ఆ నష్టం అతనిది. కాని కొనేవాడు విపరీతమైన అవసరంలో ఉన్నాడని చూసి ధర పెంచకూడదు. ఎందుకంటే ఆ అవసరం అమ్మేవానిది కాదు, కొనేవానిది. తనది కానిదాన్ని అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. సెమినరీలో ఈ వాదాన్ని మేము పరీక్షకోసం బట్టీపట్టాం. దాని అర్థం నాకు ఆ పెద్దావిడ పాసుపుస్తకంలో కనిపించింది.

ఆ గీతను పట్టుకుని మన లెక్క చూసుకుందాం. పరిమితి దాటాక 10,000 రూపాయలు తీసుకునే ఉద్యోగికీ 27 రూపాయలే, 500 తీసుకునే వితంతువుకూ 27 రూపాయలే. అతనికి అది నూటికి పావలా పైచిలుకు. ఆమెకు నూటికి ఐదు రూపాయలకు పైనే. యంత్రం ఖర్చు ఇద్దరికీ ఒక్కటే కదా అంటారు. నిజమే. ఈ రుసుము పెట్టినవారికి పేదలపట్ల ద్వేషమేమీ లేకపోవచ్చు. అయినా ఏ నిబంధన వల్లనైనా చిన్న మొత్తాలతో బతికేవారికే బరువు ఎక్కువవుతుంటే, దాన్ని సరిదిద్దే బాధ్యత నిబంధన రాసేవారికి ఉంటుంది.

ఇంకొక రుసుము ఉంది. ఖాతాలో సరిపడా డబ్బు లేక ఏటీఎం తిరస్కరిస్తే, దానికి కూడా చాలా బ్యాంకులు రుసుము కోస్తాయి. ఇక్కడ ఆ మనిషికి చేతికందినదేమిటి? డబ్బు లేదన్న వార్త. లేమినే సరుకుచేసి లేనివానికి అమ్మడం అంటే ఇదే. ఈ రుసుమును సమర్థించే వాదమేదీ నాకు దొరకలేదు.

ఇక క్రెడిట్ కార్డు సంగతి. ఇది మనకు మరీ కొత్తదేమీ కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన ఆ బ్యాంకును మన పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. బిల్లు మొత్తాన్ని గడువులోగా కట్టేవారికి కార్డు వడ్డీలేని చేబదులు వంటిది. కట్టలేక 'కనీస మొత్తం' మాత్రమే కట్టి ఊపిరి పీల్చుకునేవారికి అది వేరే ముఖం చూపిస్తుంది. మిగిలిన బాకీమీద నెలకు నూటికి మూడు, మూడున్నర రూపాయల వడ్డీ సర్వసాధారణం. మన పల్లెల్లో మూడు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాణ్ణి ఏమంటారో మీకు తెలుసు. అదే వడ్డీ తళతళలాడే కార్డుమీద వస్తే మనం దాన్ని సౌకర్యం అంటున్నాం.

ఏడాదికి 30 శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయమైన వ్యాపార పద్ధతని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీల సంగతి చూడడం రిజర్వు బ్యాంకు పని అన్నది. చట్టం ఆ మాట చెప్పవచ్చు. కాని చట్టం అనుమతించినదంతా ధర్మం కాదని క్రైస్తవులకు వేరే చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి ఆసుపత్రిలో డబ్బు కట్టమంటే, క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీసే తండ్రిని ఊహించుకోండి. అతనికి ముందుగా ఒక రుసుము. ఆపైన ఆ రోజునుంచే వడ్డీ. వస్తువులు కొన్నవారికి ఉండే గడువు అతనికి ఉండదు. తోమాసుగారి ప్రశ్న ఇక్కడ మళ్ళీ అడగాలి: ఇందులో ఖర్చుకు తగిన ధర ఎంత, అతని అవసరానికి కట్టిన ధర ఎంత?

మరి గడువులోగా అంతా కట్టేసి, రివార్డు పాయింట్లు కూడబెట్టుకునే మనం నిర్దోషులమేనా? కార్డు గీసినప్పుడు దుకాణదారు మామూలుగా నూటికి రెండు రూపాయలదాకా వదులుకోవాలి. అతను దాన్ని సరుకుల ధరల్లో కలుపుకుంటాడు. ఆ ధర నగదిచ్చి కొనుక్కునే కూలిమనిషి కూడా చెల్లిస్తాడు. మన పాయింట్లలో అతని పైసలు కొన్ని ఉంటాయి. కార్డు వాడడం పాపమని నేను అనడంలేదు. మన సౌకర్యానికి ఎవరు చెల్లిస్తున్నారో ఒక్కసారి ఆలోచించమంటున్నాను. ఊళ్ళోని చిన్న కొట్లో నగదు ఇస్తేనో, 2020 జనవరి నుంచి దుకాణదారుకు కోత లేకుండా బ్యాంకు ఖాతానుంచి నేరుగా యూపీఐలో పంపిస్తేనో, ఆ మాత్రం దయ మన చేతుల్లో ఉన్నదే.

నగదు మేలా, కార్డు మేలా అని కొత్తగా పెళ్ళైన జంటలు నన్ను అడుగుతుంటారు. నగదుకు తనదైన పుణ్యమేదీ లేదు. జీతం తక్కువిచ్చి ఎక్కువకు సంతకం పెట్టించుకునేవారూ నగదునే ఇష్టపడతారు. కార్డుకు తనదైన పాపమూ లేదు. మన అమ్మలు పోపుల డబ్బాలో బడి ఫీజుకు కొంత, బియ్యానికి కొంత విడిగా దాచేవారు. డబ్బా అడుగు కనిపిస్తే చెయ్యి దానంతట అదే ఆగేది. కార్డుకు అడుగు కనిపించదు. అందుకే గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోవాలన్న ప్రభువు మాట (లూకా 14: 28) కార్డు ఉన్నవారికి మరింత అవసరం. బిల్లు మొత్తం కట్టే డబ్బు ఇప్పటికే చేతిలో ఉంటే కార్డు వాడండి. లేకపోతే అది అప్పని ఒప్పుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకే వాడండి. ఒకరికొకరు దాచిన బిల్లు ఆ ఇంట్లో అప్పుకంటే పెద్ద చిచ్చు పెడుతుంది.

కనీస నిల్వ అవసరంలేని ప్రాథమిక పొదుపు ఖాతా ప్రతి బ్యాంకులోనూ ఉంటుంది. అందులోంచి నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. ఏటీఎంలో నోట్లు లేకనో, యంత్రం పనిచేయకనో డబ్బు రాకపోతే, దాన్ని మీ ఉచిత లెక్కలో కలపకూడదు. ఖాతాలో కోతపడి చేతికి నోట్లు రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఇవి రిజర్వు బ్యాంకు 2019లో స్పష్టం చేసిన నియమాలు. చదువుకున్న యువతీయువకులు పూజ తర్వాత ఒక అరగంట కూర్చుని, చదువురాని పెద్దల పాసుపుస్తకాలు చదివిపెడితే, అది కూడా ప్రేమసేవే.

చివరగా నాకు నేను చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ పెద్దావిడ 108 రూపాయలు ఎందుకు కట్టారు? బ్యాంకు నిబంధన ఒక కారణం. కొడుకు తాగుడు మరొక కారణం. వందల కుటుంబాలున్న మా విచారణలో, నెలరోజులు నాలుగువేలు దాచిపెట్టమని నమ్మి ఇవ్వడానికి ఆమెకు ఒక్క ఇల్లు కనిపించకపోవడం మూడవ కారణం. పొరుగువాడు చేయవలసిన పని యంత్రం చేసింది, తన రుసుము తాను పుచ్చుకుంది. బ్యాంకును తప్పుపట్టేముందు ఆ మూడవ కారణానికి నేను జవాబు చెప్పుకోవాలి. కుదువ పెట్టుకున్న పైబట్టను పొద్దుగూకేలోగా తిరిగి ఇచ్చివేయమని నిర్గమకాండం 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. బీదవాడు రాత్రి ఏమి కప్పుకుని పడుకుంటాడో దేవుడు పట్టించుకుంటాడన్నమాట. మనమూ అంత దగ్గరగా చూడాలి.

ఇప్పుడామె నెలకు రెండుసార్లే ఏటీఎంకు వెళుతున్నారు. డబ్బు పొరుగింటి ఆవిడ దగ్గర దాచుకుని, కావలసినప్పుడు కావలసినంత తెచ్చుకుంటున్నారు. ఆ పొరుగింటి ఆవిడ ఒక చిన్న నోటుపుస్తకంలో లెక్క రాసి పెడుతున్నారు. దీనికి ఆమె రుసుమేమీ తీసుకోవడంలేదు. కొడుకు మాత్రం ఇంకా గుడి మెట్లు ఎక్కలేదు. అతనికోసం ప్రార్థించండి.