తినే తిండికి పూచీ ఎవరిది?

మనిషి తినే తిండి మంచిదో కాదో తేల్చే భారం తినేవాడి వివేకం మీద ఉంటుందా, రాజ్యం మీద ఉంటుందా అన్నది మన దేశంలో పాత ప్రశ్నే. ధాన్యం, నూనె, ఉప్పు, ఔషధాలలో నాసిరకం సరుకు కలిపిన వర్తకుడికి 12 పణాల జరిమానా విధించిన కౌటిల్యుని అర్థశాస్త్రం కొనేవాడి తెలివినే నమ్ముకుని ఊరుకోలేదు. నేటి చట్టం రెండు దారులూ పట్టింది. ప్యాకెట్ మీద పచ్చ గీతల చతురస్రంలోని పచ్చ చుక్క అది శాకాహారమని తెలుపుతుంది; ఏది తినాలన్నది అహింసకో ఆచారానికో సంబంధించిన అంతరాత్మ నిర్ణయం కనుక అక్కడ సమాచారమే చాలు, ప్రభుత్వం అంతకుమించి తలదూర్చడం తగదు.

పసుపు సంగతి వేరు. రంగు నిగనిగలాడాలని కొందరు అందులో కలిపే లెడ్ క్రోమేట్, అంటే సీసం, క్రోమియం ఉన్న పసుపుపచ్చని రసాయనం, కంటికి చిక్కదు, నాలుకకు తెలియదు, కానీ అందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. విడిగా తూచి పొట్లం కట్టిచ్చే పసుపుకు లేబులే ఉండదు. ఉన్నా, కల్తీ చేసినవాడు దాని మీద నిజం రాయడు. పైగా ఆ పసుపు వేసిన కూర తినే పసిబిడ్డ ఏ ప్రమాదానికీ సమ్మతి తెలిపినవాడు కాడు. అందుకే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, సురక్షితం కాని ఆహారం వల్ల ప్రాణం పోతే యావజ్జీవ శిక్షకు సైతం వీలు కల్పించింది. నమూనా తీసే అధికారిని, పరీక్షించే ప్రయోగశాలను సమకూర్చకుండా, చూసి కొనుక్కోమని పౌరుడికి చెప్పడం రాజ్యం తన ధర్మాన్ని తప్పించుకోవడమే.