కరిగిన వెండికి జ్ఞాపకమున్నదా?

ఇబ్రహీంపట్నమున మా బంధువుల ఇంట వారి అవ్వ ధరించిన వెండి లింగకాయ మూత ఒకటి విరిగియున్నది. దాని కెంపురాళ్లను ఊడదీసి, వెండిని కరగించి, గుడ్లగూబ బొమ్మగల పతకము చేయింపవలెనని ఆ ఇంటి పిల్ల కోరిక. గుడ్లగూబ యనగానే పెద్దలు ఉలికిపడిరి. గ్రీకు పురాణములలో అది జ్ఞానదేవత ఎథీనా పక్షి యని ఆమె సమాధానము. లింగము వేరొక కాయలో భద్రముగా నున్నది గనుక నాకు అభ్యంతరము తోచలేదు. మూత లింగము కాదు గదా!

నన్ను కలచినది వేరొకటి. ఆ పక్షినే ఏథెన్సు నగరము తన వెండి నాణెములపై ముద్రించినది. ఆ వెండిని లారియం గనులలో బానిసలు త్రవ్విరి. క్రీ.పూ. 483 ప్రాంతమున అచ్చట బయల్పడిన క్రొత్త నిక్షేపముతో, థెమిస్టోక్లీసు సలహాపై యుద్ధనౌకలు కట్టిరి. నగరము స్వతంత్రముగా నిలిచినది. త్రవ్వినవారు బానిసలుగనే మిగిలిరి. దేవత బొమ్మ ఆ లోహమును పవిత్రము చేసినదా? కాయకమే కైలాసమని నమ్మిన మనము కాదనక తప్పదు.

పాత వెండి, పాత రాళ్లు వాడినచో క్రొత్తగా గని త్రవ్వనక్కరలేదు, మంచిదే. వెలిగారము వేసి మూసలో కరగించిన మలినమును పోవును. కాని పనివాని కూలి మాట? 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగరపు వెండి తీగపనిని చూడుడు. సన్నని తీగలను మెలిపెట్టి, చట్రములో నమర్చి, ఓపికగా అతుకవలెను. మనమో, తూకపు ధరకు తలయూపి, మజూరీ దగ్గర బేరమాడుదుము.

పతకమునకు కంసాలి అడిగిన మజూరీ వెండి వెలను మించినదని ఆ ఇంట ఇంకను తర్జనభర్జన సాగుచున్నది. పిల్ల మాత్రము తన మొదటి జీతమునుండి ఆ మొత్తము తీసిపెట్టినది.