యాభై రూపాయల జరిమానా, పరలోకపు లెక్క

శిక్ష చిన్నదైతే పాపం కూడా చిన్నదవుతుందా? కోడి పందేల విషయంలో ప్రతి ముస్లిమ్ తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది.

జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టాన్ని మన పార్లమెంటు 1960లో చేసింది. దాని 11వ సెక్షన్ ప్రకారం జంతువులను, పక్షులను ఉసిగొల్పి పోట్లాడించడం నేరం. బరి నడపడం, అందుకు స్థలం ఇవ్వడం, చూసేవారి దగ్గర డబ్బు తీసుకోవడం కూడా నేరాలే. కాని 1982 సవరణ తర్వాత కూడా మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఈ శిక్షలను పెంచాలని 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు పార్లమెంటుకు సూచించింది. వాటిని బాగా పెంచే ముసాయిదా బిల్లును 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రజల అభిప్రాయం కోసం విడుదల చేసింది.

లక్షల పందెం కాసేవానికి యాభై రూపాయలు శిక్ష కాదు, ప్రవేశ రుసుము!

సంక్రాంతి రోజుల్లో సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ వెళ్ళే రహదారి వాహనాలతో కిక్కిరిసిపోతుంది. వారిలో అత్యధికులు సొంతూళ్ళకు వెళ్ళేవారే. అయితే కోదాడ దాటి, సరిహద్దు అవతలి బరుల కోసం వెళ్ళేవారూ ఉన్నారు. “అది వేరేవాళ్ళ పండుగ, మనకేం సంబంధం?” అని మనం తప్పుకోలేము. లక్నో నవాబుల కాలంలో ముర్గ్‌బాజీ ఒక దర్జా. పందెం కోళ్ళకు పేరుపొందిన ‘అసీల్’ జాతి పేరు కూడా అరబీ మాటే. ఈ రోగం మన ఇంట్లోనూ ఉండేది.

ధర్మం ఏమంటోంది? జంతువులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని దైవప్రవక్త (స) వారించారని అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఈ ఉల్లేఖన పరంపర గురించి హదీసువేత్తలు చర్చించారు. కాని దాని భావాన్ని బలపరిచే ప్రామాణిక హదీసులు మరికొన్ని ఉన్నాయి. కొందరు యువకులు ఒక కోడిని కట్టేసి బాణాలకు గురిగా పెట్టుకోగా, ప్రాణమున్న దానిని గురిగా చేసుకునేవారిని ప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) వారికి తెలియజేశారు. కోడిపుంజును తిట్టవద్దని, అది నమాజుకు మేల్కొలుపుతుందని కూడా ప్రవక్త (స) బోధించారు. ఫజర్‌కు లేపే ప్రాణి కాలికి కత్తి కట్టడం ఎంత కృతఘ్నత!

“మరి బక్రీద్‌కు మనం జంతువులను కోయడం లేదా?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జుబహ్ చేసేటప్పుడు కత్తికి బాగా పదును పెట్టి, జంతువుకు బాధ తగ్గించమని ప్రవక్త (స) ఆదేశించారు. జుబహ్‌లో కత్తి పదును బాధను తగ్గించడానికి. బరిలో కత్తి పదును బాధనే వేడుకగా మార్చడానికి. మొదటిది అల్లాహ్ పేరుతో, ఆహారం కోసం. రెండవది డబ్బు కోసం, ఈలల కోసం.

దీనికి జూదం తోడైంది. జూదం ద్వారా షైతాన్ మనుషుల మధ్య శత్రుత్వం రేపుతాడని దివ్యఖుర్ఆన్ (5:91) హెచ్చరిస్తోంది. మిర్యాలగూడ నుంచి కృష్ణ దాటితే పల్నాడే. నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడి పందెం చివరకు ఎంత నెత్తురు పారించిందో ఆ వీరగాథ చెబుతూనే ఉంది.

ఇక శిక్ష పెంచడం సబబేనా? ఇలాంటి నేరాలకు షరీఅత్ స్థిరమైన ‘హద్’ నిర్ణయించలేదు. వీటిని ‘తాజీర్’ కింద, అంటే కాలాన్నీ నేర తీవ్రతనూ చూసి తగిన శిక్ష వేసే పాలకుని విచక్షణకు వదిలింది. తాజీర్ ఉద్దేశం నేరాన్ని ఆపడం. ఆపలేని శిక్ష ఆ ఉద్దేశాన్ని నెరవేర్చదు. కనుక పెంపును మనం సమర్థించాలి. కాని ఒక షరతు ఉంది. గొప్పవాడు తప్పు చేస్తే వదిలేసి, బలహీనుడు చేస్తే శిక్షించడం వల్లే పూర్వ జాతులు నాశనమయ్యాయని ప్రవక్త (స) హెచ్చరించారు. బరి నడిపిన పెద్దమనిషి ఇంట్లో ఉండి, కూలికి కోడి పట్టుకున్న కుర్రవాడు జైలుకు వెళితే, పెరిగిన శిక్ష పెరిగిన అన్యాయమే అవుతుంది.

సోదరులారా! చట్టం మారేదాకా ఆగవలసిన పని మనకు లేదు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిందని, దప్పికగొన్న కుక్కకు నీళ్ళు తాగించినవానిని అల్లాహ్ క్షమించాడని హదీసులు చెబుతున్నాయి. అక్కడి లెక్క రూపాయల్లో ఉండదు. మీ పిల్లలు “చూడటానికే వెళ్తున్నాం” అంటే, జనం చూడకపోతే బరే ఉండదని ప్రేమగా చెప్పండి.

నోరులేని ప్రాణుల పట్ల దయ చూపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.