ఎలుగుబంటికీ తల్లి ఉంటుంది

సంక్రాంతి సంచికకు వ్యాసం శుక్రవారంలోగా పంపాలని మన సంపాదకులు మెసేజ్ పెట్టారు. విషయం కూడా ఆయనే తేల్చేశారు: చలికాలంలో ఒంటి సంరక్షణ, మన విలువలు. "రెండు వైపులా రాయండి మేడమ్, ఎవరినీ నొప్పించకుండా" అని చివర ఒక దండం బొమ్మ. అలాగే రాస్తాను. రెండు వైపులా నిజమున్న విషయమే ఇది.

మా ఇంట్లో ఈ గొడవ నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పిన వారమే మొదలైంది. మా పాప గది తలుపు మీద ఒక కాగితం వెలిసింది. స్కూల్లో కౌన్సెలర్ ఇచ్చిన జాబితాను వంకాయరంగు స్కెచ్ పెన్నుతో అందంగా తిరగరాసి అంటించింది. నీళ్ళు తాగు. లోషన్ రాసుకో. వేడినీళ్ళ స్నానం చెయ్యి. డైరీ రాయి. నచ్చిన పాట విను. కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టు. అన్నిటికీ కింద పెద్ద అక్షరాలతో సొంత వాక్యం: "నేను హైబర్నేషన్‌లో ఉన్నాను. తలుపు కొట్టి, జవాబు వస్తేనే లోపలికి."

ఉతికిన బట్టల బుట్ట నడుముకు ఆనించుకుని ఆ కాగితం మొత్తం చదివాను. ఒక్క దానిమీదా నాకు పేచీ లేదు. చలికి దాహం తెలియదు, హీటర్ గాలి ఒంట్లో తడినంతా లాగేస్తుంది, పెదవులు పగిలి నెత్తురు వచ్చేదాకా మన పిల్లలకు వాటర్ బాటిల్ గుర్తుకురాదు. ఎవరో ఒకరు రాసిపెట్టడం మంచిదే. నన్ను పట్టుకుని వదలనిది వేరే సంగతి. ఆ జాబితాలో ఉన్నవన్నీ ఒక్క మనిషి, మూసిన తలుపు వెనక, ఇంకో మనిషి చెయ్యి తగలకుండా చేసుకోగలిగినవే.

ముందు పిల్లల వైపు చెప్తాను. డిసెంబరు 21న మన డెట్రాయిట్ పక్క పగలు మొత్తం తొమ్మిది గంటలు. అదే రోజు హైదరాబాదులో పదకొండు గంటలు దాటి ఉంటుంది. జనవరి మొదటి వారంలో మనకు సూర్యుడు ఎనిమిదికి గానీ మొహం చూపించడు. పిల్లలు చీకట్లో బస్సెక్కి, సాయంత్రం మ్యాథ్ క్లాసు నుంచి చీకట్లోనే ఇంటికొస్తారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతుంది. ఆ వయసులో నిద్ర ఆలస్యంగా పట్టడం ఒంటి గడియారం చేసే పని, పొగరు కాదు. మిడిల్ స్కూళ్ళు, హైస్కూళ్ళు ఎనిమిదిన్నర కన్నా ముందు మొదలుపెట్టవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే చెప్పింది. చెప్పి ఇన్నేళ్ళయింది, మా వీధిలోకి బస్సు మాత్రం పాత టైముకే వస్తోంది.

చీకటి మనసును కుంగదీస్తుందన్నదీ కట్టుకథ కాదు. నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు 1984లో దీన్ని ఒక జబ్బుగా గుర్తించి సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు. లక్షణాలు చూడండి: ఎంత పడుకున్నా తీరని నిద్ర, అన్నం, బ్రెడ్డు, తీపి మీద యావ, మనుషుల నుంచి తప్పుకు తిరగడం. పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం దీనికి వాడుకలో ఉన్న వైద్యం. మన ఇళ్ళలో సాయంత్రం లైట్లన్నీ వేసినా కొన్ని వందల లక్స్ దాటదు. పగలు బయట మబ్బు పట్టి ఉన్నా అంతకు ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. పైగా మనది చామనఛాయ. డి విటమిన్ తయారుచేసుకోవడానికి తెల్లతోలు కన్నా ఎక్కువ ఎండ కావాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ అందుకు పనికిరాదు. కాబట్టి నిద్ర వస్తోందంటే పిల్లలను సోమరులనకండి. ఆకలేస్తోందంటే ఇప్పుడే కదా తిన్నావనకండి. వాళ్ళ ఒళ్ళు అబద్ధం చెప్పడం లేదు.

ఇప్పుడు మా ఊరి వైపు. మాది చేవెళ్ల. బీజాపూర్ రోడ్డు మీద, మర్రిచెట్ల కింద బస్సు దిగే ఊరు. సముద్రమట్టానికి దాదాపు ఆరు వందల మీటర్ల ఎత్తు, చుట్టూ చెలకలు, నగరం సెగ అక్కడిదాకా రాదు. డిసెంబరు, జనవరిల్లో పది డిగ్రీల లోపుకు దిగే రాత్రులుంటాయి. పది డిగ్రీలంటే మనకు జాకెట్ విప్పి కారు కడుక్కునే రోజని నవ్వుకుంటారేమో. హీటర్ లేని పెంకుటింట్లో, తెల్లవారుజామున నాలుగింటికి, ఆ పది డిగ్రీలు ఎముకల్లోకి దిగుతాయి. చామంతి తోటల్లో అప్పటికే కోత మొదలయ్యేది, పూలు పొద్దెక్కకముందే సిటీ మార్కెట్‌కు చేరాలి మరి. మంచుకు తడిసిన చామంతిని తెంపి తెంపి వేళ్ళు కొంకర్లు పోయేవి. ఆడవాళ్ళు గట్టు మీద ఇంత చెత్త పోగేసి మంట పెట్టి, చేతులు కాచుకుని, ఆ వేడి ఆరకముందే మళ్ళీ సాళ్ళలోకి దిగేవాళ్ళు. పండుకోవాలని వాళ్ళ ఒంటికి మాత్రం ఉండదా? ఉంటుంది. పక్కన ఇంకో నలుగురు ఉండేవాళ్ళు, అంతే తేడా.

ఆదివారం మా వంతు. పెరట్లో మూడు రాళ్ళ మీద కాగు, కింద కందికట్టె, నీళ్ళకు పొగ వాసన. మా అవ్వ నువ్వుల నూనె గిన్నె పొయ్యి అంచున పెట్టి గోరువెచ్చన చేసి, మాడు మీద పోసి అరచేత్తో ఇంకేదాకా కొట్టేది. చెవుల వెనక, మెడ మడతల్లో, వీపు మధ్యలో మన చెయ్యి అందని చోట శనగపిండి నలుగు పెట్టి మట్టి ఉండలు ఉండలుగా రాలేదాకా రుద్దేది. కుంకుడు రసం కళ్ళలో పడి కేకలు పెడితే నాలుక మీద ఉప్పురాయి వేసేది. ఎందుకు వేసేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు గాని ఏడుపు మాత్రం ఆగేది. వద్దని పారిపోతే జుట్టు పట్టుకుని తెచ్చేది. తరవాత అరుగు మీద నీరెండలో కూర్చోబెట్టి, తల ఆరేలోపు నువ్వుల ముద్ద చేతిలో పెట్టేది.

అవ్వ చదువుకోలేదు. చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయంలో ఉన్నది మాత్రం దాదాపు ఇదే. హేమంతంలో బయటి చలికి ఒంట్లో అగ్ని బలపడుతుందని, దానికి తగిన తిండి పడకపోతే ఒంట్లోని సారాన్నే కాల్చుకు తింటుందని అక్కడ చెప్పారు. బరువైన ఆహారం, కొత్త బియ్యం, బెల్లం, ఒంటికి నూనె, నలుగు, తలకు నూనె, వేడినీళ్ళు, ఎండ, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఆకలి ఎక్కువవడం తప్పు కాదని శాస్త్రమూ ఒప్పుకుంది. కాకపోతే సకినాలు, సజ్జరొట్టె తిన్న మా ఊరివాళ్ళు పొద్దంతా చెలకలో నడుం వంచేవాళ్ళు. మనం అవే సకినాలు డబ్బాలో పోస్టులో తెప్పించుకుని సోఫాలో వంగుతున్నాం. మనలో ఎంతమంది వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు తిరిగి, స్టాంపు పడ్డాక మళ్ళీ వెళ్ళి నూటెనిమిది పూర్తిచేసి వచ్చాం! మొయినాబాద్ మండలంలో, డిసెంబరు పొద్దున, చల్లటి నేల మీద, ఉత్తకాళ్ళతో. ఆ కాళ్ళే ఇప్పుడు మెయిల్‌బాక్స్ దాకా రమ్మంటే మొరాయిస్తున్నాయి.

ఊళ్ళో అంతా అట్లాగే ఉందని మాత్రం అనుకోకండి. హైదరాబాదు జంట జలాశయాల చుట్టూ కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. పెద్ద కట్టడాలు ఆగాయి గాని మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు మొలిచాయి. శనివారం సిటీ నుంచి కార్లు వరసకడతాయి. క్యాంప్ ఫైర్ ప్యాకేజీలోనే ఉంటుంది, కట్టెలు తెచ్చి మంట పెట్టి ఊదే మనిషి కూడా వాళ్ళవాడే. చుట్టూ కూర్చున్న పిల్లల మొహాల మీద మంట వెలుగు కన్నా ఫోన్ వెలుగే ఎక్కువ పడుతోంది. పోయిన చలికాలం సెలవులకు వెళ్ళినప్పుడు చేవెళ్లలో మా అన్న కొడుకు కూడా గీజరున్న గదిలో తలుపేసుకునే కనిపించాడు. మా అమ్మకు ఆ తలుపులూ గిలుపులూ అర్థం కావు. "ఏందే, పొద్దెక్కినా గా రూములనే ఉంటడా? ఎండల కూసోవెట్టు, ఆడే లేస్తడు" అని వదినకు పురమాయించి, తనే వెళ్ళి దుప్పటి లాగేసింది. వాడు విసుక్కుంటూ అరుగు మీదికి వచ్చాడు. కాసేపటికి మా పాపతో గాలిపటం దారం గురించి కొట్లాడుతున్నాడు.

ఆ దుప్పటి లాగడమే ఇక్కడ మనకు కుదరని పని. మా పాప ఒకరోజు నెమ్మదిగా అంది: "అమ్మా, నా ఒళ్ళు నాది. ముట్టుకునే ముందు అడగాలి." ఈ మాటతో నేను ఆటలాడను. మాకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు, నేర్పి ఉండాల్సింది. పెళ్ళిళ్ళలో బుగ్గలు గిల్లే ప్రతి చేతికీ మొహం చాపి నిలబడ్డ ఆడపిల్లలం మనం. పాప ఆ మాట అనగలిగినందుకు నాకు సంతోషమే. కాబట్టి అడుగుతాను. తలుపు కొట్టి అడుగుతాను. వద్దంటే పోయి, మళ్ళీ వచ్చి అడుగుతాను.

హైబర్నేషన్ సంగతి కూడా తేల్చుకున్నాం. "మన మిషిగన్ అడవుల్లో నల్ల ఎలుగుబంటి జనవరిలో గుహలోనే ఈనుతుంది. పిల్లలు చలికాలమంతా తల్లి కడుపుకు కరుచుకుని పాలు తాగుతాయి. మరుసటి ఏడు కూడా తల్లి గుహలోనే పడుకుంటాయి. నువ్వు చెప్పే హైబర్నేషన్‌లో అమ్మ ఉంది బిడ్డా, తలుపు లేదు" అన్నాను. ఫోన్‌లో వెతికి చూసుకుంది. "ఒకటిన్నరేడు వరకేనంటమ్మా. నాకు పదమూడు" అని జవాబు. ఆ లెక్కకు నా దగ్గర తిరుగు లేదు. తలుపు మాత్రం తీసింది.

సంపాదకుల వారు మన్నించాలి, ఇక నా వైపే చెప్తాను. చలికాలంలో ఒళ్ళు అడిగేవి మూడు: నిద్ర, తిండి, ఏకాంతం. మొదటి రెండూ ఇవ్వండి. సెలవు రోజు పదింటిదాకా పడుకోనివ్వండి, వేడన్నంలో నెయ్యి ఇంకో చెంచా వెయ్యండి. మూడోదాన్ని నమ్మకండి. కుంగిన మనసు మొదట అడిగేదే మనుషులొద్దని. రెండు వారాలు దాటినా పిల్ల మొహం తేటపడకపోతే, ఇష్టమైనవి కూడా వద్దంటుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, అది నూనెతో పోయేది కాదు. అంతదాకా రాకముందు చేయాల్సింది ఇంట్లో వాళ్ళే.

మా ఇంట్లో శనివారం పొద్దుటి క్లాసు మార్చి దాకా మానేశాం. ఒలింపియాడ్ కోచింగ్ మానేస్తే పిల్ల వెనకబడుతుందని ఒకరిద్దరు స్నేహితులు కంగారుపడ్డారు. పడనీండి. ఆ గంటల్లో తలకు నూనె. వీపు సంగతి మా పాప ఇంకా ఒప్పుకోలేదు, జుట్టు వరకు సరేనంది. నేను జుట్టు పాయలు తీస్తుంటే కూర్చున్న అరగంటలో స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, లంచ్‌లో తను ఎక్కడ కూర్చుంటోందో అన్నీ బయటికొస్తాయి. ఎదురెదురు కూర్చుని అడిగితే ఒక్కటీ రాదు. తరవాత చలి ఎంతున్నా సబ్ డివిజన్ చుట్టూ ఒక నడక. నూనె తలస్నానంతో బాత్‌టబ్ జారుతుంది, రబ్బరు చాప వేసుకోండి, డ్రెయిన్‌కు జాలీ పెట్టుకోండి. ఈసారి భోగి వారం మధ్యలో పడితే స్కూలు మానిపించమని నేననను, భోగి స్నానం ముందు శనివారమే కానిచ్చేయండి. నలుగు పెట్టడానికి అమ్మమ్మలూ నానమ్మలూ వచ్చి ఉన్న ఇళ్ళవాళ్ళు, లేని ఇళ్ళ పిల్లలను కూడా పిలవండి.

మగపిల్లల మాట మనం అసలు ఎత్తడం లేదు. ఆడపిల్ల గది తలుపు మూస్తే నలుగురం ఆరా తీస్తాం, మగపిల్లాడు బేస్‌మెంట్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని డిసెంబరు నుంచి మార్చి దాకా ఉండిపోతే బుద్ధిగా ఇంట్లోనే ఉన్నాడంటాం. మావాడు వచ్చే ఆగస్టులో ఆన్ ఆర్బర్ డార్మ్‌కు పోతాడు. ఫిబ్రవరిలో వాడి తలుపు ఎవరు కొడతారన్నది నన్ను నిద్రపోనివ్వడం లేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తి, అన్నం తిన్నానని చెప్తే చాలన్నాను. రెండురోజులు ఎత్తకపోతే మేముండే నోవై నుంచి అరగంటే, నూనె సీసా పట్టుకుని మీ హాల్లోనే దిగుతానని కూడా చెప్పాను. రూమ్మేట్ ముందు పరువు పోతుందట. పోతే పోనీ.