టికెట్ క్లోజ్ చేశాను, గోడ అవతల ఎవరున్నారో చూడలేదు

నిష్కామ కర్మ మీద మనం చేసిన వీడియో చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అంటే ఫలితం గురించి ఆలోచించకుండా మన పని మనం చేసుకుపోవడమేనా?" అని. నిజం చెప్పాలంటే మొన్న మొన్నటిదాకా నేను కూడా అలాగే అనుకున్నాను. నా అభిప్రాయం మారింది ఒక చర్చిలో. అవును, చర్చిలోనే. కాస్త ఓపిగ్గా చదవండి.

మా టీమ్‌లో నాకంటే ఏడేళ్లు సీనియర్ ఒకాయన ఉన్నారు. అన్నా అని పిలుస్తాను. సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ కాలం నాటి పాత రాతి చర్చి ఒకటుంది, దాని కమిటీలో ఆయన మెంబరు. క్రిస్మస్‌కి నెల ముందు అడిగారు. "తమ్ముడూ, మా చర్చిలో వైఫై సరిగ్గా పెట్టిస్తావా? ఆరాధన లైవ్ మధ్యలోనే ఆగిపోతోంది. మంచం మీదున్న పెద్దవాళ్లు, గల్ఫ్‌లో ఉన్న పిల్లలు అదే చూస్తారు." సరే అన్నాను.

ఇంట్లో పెద్దమ్మ ఊరుకోలేదు. "గుడికి రమ్మంటే టైమ్ లేదంటావు, చర్చిలో నీకేం పనిరా? పరధర్మం భయంకరం అని గీతలోనే ఉంది కదా" అంది. గీతలో ఆ మాట మూడో అధ్యాయంలో వస్తుంది. అక్కడ కృష్ణుడు మాట్లాడేది యుద్ధం వదిలేసి ఇంకొకరి పని నెత్తికెత్తుకోవాలనుకుంటున్న అర్జునుడితో, కేబుల్ లాగడానికి వెళ్తున్న నాతో కాదు. వైర్లు కట్టడం నా పనే పెద్దమ్మా అని బయల్దేరాను. ఈ ప్రశ్న నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టింది వేరే.

ముందు పని సంగతి చెప్పాలి, ఎందుకంటే తప్పు అందులోనే ఉంది. ఆ గోడలు రెండడుగుల మందం. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అలాంటి రాయి దగ్గరే ప్రాణం వదిలేస్తుంది, 2.4 కాస్త నయం. మొదటి శనివారం ఖాళీ హాల్లో ల్యాప్‌టాప్ పట్టుకుని మూల మూలా తిరిగి సిగ్నల్ కొలిచాను, బాగానే వచ్చింది. ఆదివారం జనం నిండాక అదే చోట సగం కూడా లేదు. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కదా, ఆ నీళ్లు సిగ్నల్‌ని మింగేస్తాయి. అందుకని యాక్సెస్ పాయింట్లని తలల పైనుంచి సిగ్నల్ పడేలా ఎత్తులో పెట్టాలి. రాతికి డ్రిల్లు వేయడానికి వీల్లేదన్నారు, చెక్క దూలాలకి క్లాంపులతో బిగించాం.

వెనకాల 60 మీటర్ల దూరంలో రేకుల కప్పుతో మీటింగ్ హాలు ఉంది. అక్కడికి రిపీటర్ పెడితే చాలన్నారు కమిటీవాళ్లు. ఒకే రేడియోతో అందుకుని మళ్లీ దాంతోనే పంపే రిపీటర్ అయితే స్పీడు సగానికి పడిపోతుంది. వద్దని చెప్పి, పీవీసీ పైపులో క్యాట్ 6 కేబుల్ లాగించాను. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా పనికొస్తుంది, కరెంటు కూడా అందులోంచే పంపొచ్చు. ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే వాడాను. పండగ రోజు జనం ఎక్కువైతే ఐపీ అడ్రసులు అయిపోతాయి, పాత రౌటరు 253 మాత్రమే ఇవ్వగలదు, అదీ ఒక్కొక్కటి 24 గంటలు పట్టుకుని కూర్చుంటుంది. రేంజ్ పెంచి, గడువు రెండు గంటలకి తగ్గించాను. ఇవన్నీ చేస్తున్నప్పుడు నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను. ఆఫీసులో ఆరు నెలల్లో రాని తృప్తి రెండు శనివారాల్లో వచ్చింది.

ఆ పాత రౌటరు వెనక గోడ దగ్గర ఆఫీసు గదిలో ఉండేది. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరసగా. లాగిన్ అయి చూస్తే, చర్చి ఖాళీగా ఉన్న సాయంత్రం పూట కూడా 14 ఫోన్లు కనెక్టయి ఉన్నాయి. "అనధికార వాడకం" అని నోట్స్‌లో రాసుకున్నాను. కొత్త పేరు, గట్టి పాస్‌వర్డ్ పెట్టి, రౌటరు తీసేసి, సిగ్నల్ బయటికి పోకుండా లోపలి వైపు తిప్పాను. లిస్ట్ జీరో అయింది. మా భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్.

రెండో శనివారం చివరి పాయింట్ బిగించడానికి వెళ్తే వాచ్‌మన్ తాత అన్నాడు. "సారూ, నువ్వొచ్చి పోయిన కాన్నుంచి ఆ పిల్లలు వస్తలేరు." ఏ పిల్లలు తాతా అంటే వెనక సందులోకి తీసుకెళ్లి చూపించాడు. గోడని ఆనుకుని ఒక అరుగు. బస్తీలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు రోజూ సాయంత్రం అక్కడ కూర్చుని ఫోన్లలో క్లాసులు చూసుకునేవారట. కానిస్టేబుల్ పరీక్షకి చదివే అబ్బాయి ఒకడు, నీట్ రాయబోయే అమ్మాయి ఒకతి. పాస్‌వర్డ్ వాళ్లకి ఎవరూ చెప్పలేదు, ఎవరూ దాచలేదు కూడా. రెండేళ్ల నుంచీ అలాగే నడుస్తోంది.

నా నోట్స్‌లోని 14 అంటే వీళ్లే.

నేను చేసింది తప్పా? సెక్యూరిటీ పరంగా నూటికి నూరు శాతం కరెక్ట్. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు ఉగ్రవాదుల ఈమెయిల్ నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్లింది, పోలీసులు ముందు ఆయన తలుపే తట్టారు. తలుపులు తెరిచి పెట్టిన నెట్‌వర్క్ రేపు పాస్టరు గారి మెడకి చుట్టుకుంటే ఎవరు జవాబుదారీ? పైగా ఆ బిల్లు కట్టేది జనం వేసిన కానుకల్లోంచి. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. చివర్లో మన ఫేవరెట్ డైలాగ్ కూడా వాడాను. కర్మ చేయడమే నా వంతు, ఫలితం నాది కాదు.

ఆ రాత్రి పడుకోబోతూ గీత పద్దెనిమిదో అధ్యాయం తీశాను. దేనికోసమో వెతికితే 25వ శ్లోకం కనబడింది. దాని తాత్పర్యం ఇది. ఈ పని వెంట ఏమొస్తుంది, ఎవరికి నష్టం, ఎవరికి హింస, ఇది నా చేతనవుతుందా అని చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే కర్మని తామస కర్మ అంటారు. రెండో అధ్యాయంలో ఫలం మీద ఆశ వద్దన్న కృష్ణుడే ఇక్కడ పర్యవసానం చూడమంటున్నాడు. రెండూ వేరు వేరు. నాకు పేరొస్తుందా, అన్న మెచ్చుకుంటాడా అన్నది ఫలం. ఎవరి కింద నేల కదులుతుందన్నది పర్యవసానం. నేనేమో పేరు కోసం ఎదురుచూశాను, పర్యవసానాన్ని వదిలేశాను. అచ్చం తలకిందులు. మన ఐటీవాళ్లలో ఇది బాగా ఎక్కువండి. "రిక్వైర్‌మెంట్‌లో లేదు" అనేది మనకి మంత్రం లాంటిది.

మర్నాడు అన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కమిటీతో మాట్లాడారు. పిల్లలకి విడిగా ఒక నెట్‌వర్క్ ఇద్దామన్నాను. చర్చి కంప్యూటర్లకీ దానికీ సంబంధం లేకుండా, ఫోన్‌కి 2 ఎంబీపీఎస్ చొప్పున, సాయంత్రం 6 నుంచి 9 దాకా. కొత్త ఖర్చేమీ లేదు, సెట్టింగ్స్ అంతే. ఎండాకాలం చలివేంద్రంలో కుండ దగ్గర గ్లాసుకి గొలుసు కడతారు చూడండి, అలా. నీళ్లు వద్దనడానికి కాదు, గ్లాసు మిగలడానికి.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. కమిటీలో ఒక పెద్దాయన లాగిన్ పేజీ మీద బైబిల్ వాక్యం పెడదామన్నారు. ఇంకొకాయన వాళ్లు ఏయే సైట్లు చూస్తున్నారో లిస్ట్ కావాలన్నారు. రెండో దానికి అక్కడికక్కడే కుదరదన్నాను. పెద్దలకు మాత్రమే అనిపించే సైట్లు రాకుండా ఫిల్టర్ పెడతాను, అంతకుమించి ఎవరి ఫోన్‌లోకీ తొంగి చూడను. చలివేంద్రం దగ్గర నీళ్లు తాగినవాడి వెంట మనిషిని పంపుతామా?

వాక్యం సంగతి వినగానే మాత్రం నా ఒళ్లు మండింది. ఉచిత వైఫై పేరుతో ఇదా అనుకున్నాను. నోరు తెరిచేలోపే ఇంకో ఆలోచన వచ్చింది. ఇదే మన గుడి అయ్యుంటే, పేజీ మీద వేంకటేశ్వరస్వామి ఫొటో పెడదామని ట్రస్టువాళ్లు అంటే నేనేమనేవాణ్ని? ఏమీ అనను. అసలు గమనించను కూడా. పైగా ఏ ఫొటో బాగుంటుందో నేనే వెతికేవాణ్ని. మరి ఆ అరుగు మీద మస్తాన్ దర్గాకి వెళ్లే ఇంటి పిల్లాడు కూర్చుంటే? కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ అది ఒక్క వైపే పని చేస్తోంది. అందుకని కోపం పక్కన పెట్టి, "ఏ గుర్తూ లేని ఖాళీ పేజీ పెడదామండీ, పిల్లలు చదువుకోడానికి వస్తున్నారు కదా" అని మాత్రం అన్నాను. ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. నేననుకున్నంత మొండి మనిషి కాదు.

ఇక ఎవరు వాడుతున్నారో తెలియాలి కాబట్టి రిజిస్టర్‌లో పేరు, ఫోన్ నంబర్ రాయమన్నాం. ఇది నా ఐడియానే. అందరూ రాశారు, నీట్ అమ్మాయి తప్ప. "చర్చి పుస్తకంలో పేరు రాస్తే రేపు ఇంకేదో అంటారు" అని వాళ్లమ్మ వద్దందట. ఆవిడని తప్పు పట్టలేకపోయాను, అరగంట ముందు నా బుర్రలో తిరిగింది కూడా అదే అనుమానం. అటు పేరు లేకుండా వదిలేస్తే నేను చెప్పిన 2008 కథకి అర్థం లేదు.

దారి చూపించింది వాచ్‌మన్ తాత. పుస్తకం వద్దు, ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ చీటీ మీద ప్రింట్ చేసి తనకివ్వమన్నాడు. "ఎవరికే నంబర్ ఇచ్చిన్నో నాకు యాదికుంటది సారూ, చిన్నప్పటి సంది చూస్తున్న పిల్లలే." ఒక కోడ్‌కి ఒకటే ఫోన్. పేపర్ మీద పేరుండదు, బాధ్యత మాత్రం ఒక మనిషి దగ్గర ఉంటుంది. ఏ ఆడిట్‌లోనూ ఇది పాస్ కాదని తెలుసు. తాతకి బాగోలేకపోతే ఏం చేయాలో కూడా ఇంకా తేలలేదు. అయినా అలాగే చేశాం. మూడో రోజు పదో నంబర్ కోడ్ కనెక్టయిందని నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరని తాతని అడగలేదు.

పోయిన వారం మా కాలనీ గుడి ట్రస్టువాళ్లు ఫోన్ చేశారు. అభిషేకం లైవ్ ఆగిపోతోందట, పైగా ఎవరో వైఫై దొంగతనంగా వాడుతున్నారట, పాస్‌వర్డ్ మార్చిపెట్టమన్నారు. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. నిన్న రాత్రి తొమ్మిదింటికి వెళ్లి రౌటర్ లిస్ట్ చూశాను, 11 ఫోన్లు. పాస్‌వర్డ్ ఇంకా మార్చలేదు. గుడి వెనక గోడ పక్కన ఒక సందు ఉందని తెలుసు గానీ, ఇన్నేళ్లలో అటు ఎప్పుడూ నడవలేదు. ఈ శనివారం చీకటి పడ్డాక ముందు అటు వెళ్లొస్తాను.