పెదవులను చూచి తీర్పు తీర్చకుడి

(ధ్యాన భాగము: 1 సమూయేలు 1:9–18)



షిలోహులో హన్నా ప్రార్థించుచుండగా యాజకుడైన ఏలీకి ఆమె పెదవులు కదలుట మాత్రమే కనబడెను. ఆమె త్రాగియున్నదని తలంచి గద్దించెను. ఆమె తన వేదన తెలిపిన తరువాతనే అతడు సత్యము గ్రహించి సమాధానముతో పంపివేసెను.

మేమును ఒకప్పుడు ఏలీవలెనే యుంటిమి. మా సంఘములో ఒక తల్లి కాన్పు తరువాత నిద్రపోక, బిడ్డను ఎత్తుకొనక, గోడవైపు తిరిగి పండుకొనియుండెను. డాక్టరుగారు మాత్రలు వ్రాసిరి. మేమో, ఆమెకు విశ్వాసము చాలదంటిమి. ఆమె పెనిమిటి సెల్‌ఫోనులో వెదకగా, ఒకడు ఇది దురాత్మ పని, మందులు మానిపించుడని చెప్పెను. మానిపించిరి. కొన్ని దినములకు ఆమె తెల్లవారుజామున ఒంటరిగా ఇల్లు విడిచి పోవుచుండగా అత్తగారు చూచి చెయ్యి పట్టుకొనెను. దేవుని కృపవలన ఆమె నేడు స్వస్థురాలై మన మధ్య ఆరాధించుచున్నది. ఆమె సెలవుతోనే ఇది వ్రాయుచున్నాము.

ప్రియులారా, ఫోనులో మనకు కనబడునవియు కదలుచున్న పెదవులే. బెరయవారు అపొస్తలుడైన పౌలు బోధను సహితము లేఖనములతో సరిచూచిరి (అపొ. కార్య. 17:11). ఊరు పేరు తెలియనివాని మాటను మనము పరిశోధింపవద్దా?

గనుక నాలుగు సంగతులు అడుగుడి. చెప్పువాడు మనోవైద్యము చదివినవాడా? మాట ముగియకముందే నూనెయో, పొడియో అమ్ముచున్నాడా, కానుక అడుగుచున్నాడా? ఒక్క దినములో నయమగునని చెప్పుచున్నాడా? దిగులు వ్యాధి మాత్రలు పనిచేయుటకు సాధారణముగా కొన్ని వారములు పట్టును. డాక్టరును అడుగక వాటిని హఠాత్తుగా మానరాదు. రోగిని కట్టుడి, కొట్టుడి అని చెప్పుచున్నాడా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

మరి నమ్మదగిన మాట ఎక్కడ దొరకును? 2022 అక్టోబరు 10న ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్‌కు 14416 నంబరున ఫోను చేసినయెడల రాత్రింబగళ్లు, ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు ప్రకటించు సంగతులు చదువవచ్చును. తిరుపతి రుయా ఆసుపత్రిలో మనోవైద్యులున్నారు. చిత్తూరుకు సమీపమున రాయవేలూరులో 1900లో ఐడా స్కడ్డర్ దొరసానిగారు ఆరంభించిన వైద్యసేవయే నేటి సి.ఎం.సి. ఆసుపత్రి. దానికి బాగాయములో మానసిక వైద్యశాల కలదు. అక్కడ రోగితోకూడ ఇంటివారును ఉందురు.

ప్రార్థన మానుడని మేము చెప్పుటలేదు. ఏలీయా చావగోరినప్పుడు దూత అతని గద్దింపలేదు; నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను (1 రాజులు 19). రొట్టె పంపిన దేవుడే మందును పంపుచున్నాడు. మీ యింట ఎవరైన చావు మాట పలికినయెడల వారిని ఒంటరిగా విడువకుడి. మొదట వారి మాట వినుడి. తరువాత వారితోకూడ ఆసుపత్రికి నడువుడి. దారి పొడుగున ప్రార్థించుడి.

మన కాపరియైన ప్రభువు మనకు వినగల చెవులను, పరిశోధించు మనస్సును అనుగ్రహించును గాక. ఆమేన్.